పెద్దమ్మకి ట్యాబ్ కొనాలి, బాగా సింపుల్‌గా ఉండేది చెప్పండి

మేడమీద_గది:
హాయ్ అందరికీ, పాత థ్రెడ్లు వెతికా కానీ అన్నీ పిల్లల ట్యాబ్‌ల గురించే ఉన్నాయి, అందుకే కొత్తది మొదలెడుతున్నా. మా పెద్దమ్మకి 79 ఏళ్ళు, ఒక్కతే ఉంటుంది, ఇప్పటిదాకా బటన్ ఫోన్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు ఫరవాలేదు కానీ సన్న అక్షరాలు కనబడవు, చేతులు కాస్త వణుకుతాయి. కజిన్స్ అందరం తలా కొంత వేసుకుని ఒక ట్యాబ్ కొనిద్దామని ప్లాన్. ఆవిడకి కావాల్సిందల్లా మాతో వీడియో కాల్స్, ఫొటోలు, పాత పాటలు, పేపర్ చదువుకోవడం. ఐప్యాడ్ అని ఒకడు, శాంసంగ్ అని ఇంకొకడు, పెద్దవాళ్ళ కోసమే చేసిన స్పెషల్ ట్యాబ్‌లు ఉంటాయట అవి తెప్పిద్దాం అని మా చెల్లి. ఫ్యామిలీ గ్రూపులో గొడవ తెగట్లేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి కొనిచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కీబోర్డ్_కిట్టు:
ఐప్యాడ్. ఇంక థ్రెడ్ క్లోజ్ చేసుకోవచ్చు 😀

వైఫై_వెంకన్న:
క్లోజ్ చేసే ముందు ఒక్క ప్రశ్న బాబూ. మీ పెద్దమ్మగారికి స్మార్ట్‌ఫోన్ లేదన్నారు కదా, మరి మీ కుటుంబం మొత్తం ఉండేది వాట్సాప్‌లోనా? అలా అయితే ముందు ఇది తేల్చుకోండి. ఐప్యాడ్‌కి వాట్సాప్ యాప్ 2025 మేలో వచ్చింది, కానీ అది వేరే ఫోన్‌లో ఉన్న అకౌంట్‌కి లింక్ చేసుకునేదే, బటన్ ఫోన్ నంబర్‌తో నేరుగా ఐప్యాడ్‌లో అకౌంట్ తెరవడం కుదరదు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో అయితే కుదురుతుంది. యాప్ తెరవగానే అదీ లింక్ చేయమనే అడుగుతుంది, అక్కడ పైన మూడు చుక్కల మెనూలో కొత్త అకౌంట్ రిజిస్టర్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కి ఆవిడ బటన్ ఫోన్ నంబర్ ఇస్తే ఓటీపీ ఆ ఫోన్‌కి ఎస్సెమ్మెస్‌లో వస్తుంది, చూసి కొట్టేయడమే. వెంటనే టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టి ఎక్కడైనా రాసుకోండి.

ఐప్యాడే కావాలంటే యాపిల్ వాళ్ళ వీడియో కాల్ యాప్ ఫేస్‌టైమ్ వాడుకోవచ్చు, దానికి సిమ్ అక్కర్లేదు, ఈమెయిల్ ఐడీ చాలు. కానీ అవతల ఆండ్రాయిడ్ ఉన్నవాళ్ళు లింక్ పంపితే బ్రౌజర్లో చేరగలరే తప్ప ఆవిడకి వాళ్ళంతట వాళ్ళు కాల్ చేయలేరు. మీ కజిన్స్‌లో ఎవరి దగ్గర ఏ ఫోన్లు ఉన్నాయో లెక్కేసుకోండి ముందు.

మేడమీద_గది:
అయ్యబాబోయ్ ఇది అసలు ఆలోచించలేదు. అందరం వాట్సాపే, ఐఫోన్ ఉన్నది ఇద్దరికే.

కీబోర్డ్_కిట్టు:
సరే ఒప్పుకున్నా, కానీ వాళ్ళలో ఎవరైనా ఒక పాత స్మార్ట్‌ఫోన్‌లో పెద్దమ్మ అకౌంట్ తెరిచి తమ దగ్గరే ఉంచుకుని ఐప్యాడ్‌కి లింక్ చేయొచ్చు కదా, ఫోన్ పక్కనే ఉండాల్సిన పని లేదు

వైఫై_వెంకన్న:
చేయొచ్చు. కాకపోతే ఆ ఫోన్‌లో 14 రోజులకోసారైనా వాట్సాప్ తెరుస్తూ ఉండాలి, లేకపోతే లింక్ చేసినవన్నీ లాగౌట్ అయిపోతాయి. పైగా ఆవిడ కాల్స్, మెసేజ్‌లు అన్నీ ఎవరో ఒకరి అలమరలో మోగుతుంటాయి. దాని బ్యాటరీ పోయి రెండు వారాలు ఎవరూ చూసుకోలేదంటే ఆవిడ ట్యాబ్‌లో వాట్సాప్ ఎందుకు ఆగిపోయిందో ఎవరికీ అర్థం కాదు.

నైట్‌డ్యూటీ_నర్సు:
బ్రాండ్ సంగతి మీరు మీరు తేల్చుకోండి కానీ నేను రోజూ పెద్దవాళ్ళ మధ్యే పని చేస్తా కాబట్టి కొన్ని చెప్తా. ట్యాబ్ నచ్చలేదు, చేతకావట్లేదు అని పక్కన పెట్టేసేవాళ్ళలో సగం మందికి సమస్య బుర్రలో ఉండదు, వేళ్ళలో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ చర్మం పొడిబారిపోతుంది, టచ్ స్క్రీన్ పని చేసేది వేలిలోంచి వెళ్ళే సన్నటి విద్యుత్తు మీద కదా, పొడి వేలు పెడితే దానికి సరిగ్గా తెలియదు. వాళ్ళేమో నొక్కలేదేమో అనుకుని ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు నొక్కుతారు. ఎక్కువసేపు నొక్కితే అది లాంగ్ ప్రెస్ అయిపోతుంది, ఐకాన్ చేతిలోకొచ్చేసి ఇంకెక్కడికో వెళ్ళి కూచుంటుంది లేదా ఏదో చిన్న మెనూ తెరుచుకుంటుంది. "నేను ముట్టుకుంటే అన్నీ పాడవుతున్నాయి" అని భయం పట్టుకుంటుంది, ఇంక ముట్టుకోరు.

దీనికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంటుంది, దాన్ని లాంగ్‌కి మార్చండి. శాంసంగ్‌లో అదనంగా ఒకే చోట గబగబా పడే టచ్‌లని పట్టించుకోకుండా వదిలేసే ఆప్షన్ కూడా ఉంది, చేతులు వణికేవాళ్ళకి అది బాగా పనికొస్తుంది. ఐప్యాడ్‌లో ఇవే టచ్ అకామడేషన్స్ అనే పేరు కింద ఉంటాయి. రబ్బరు మొన ఉన్న మామూలు స్టైలస్ ఒకటి దారంతో ట్యాబ్ కవర్‌కి కట్టి ఇవ్వండి, పొడి వేళ్ళవాళ్ళకి అది పెన్ను పట్టుకున్నట్టే ఉంటుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు.

ఇంకోటి, వేలిముద్ర లాక్ మీద ఆధారపడకండి. ఈ వయసులో చాలామందికి వేలిముద్రలు అరిగిపోయి సెన్సర్ గుర్తుపట్టదు. 4 అంకెల పిన్ పెట్టండి, ఇంట్లోనే ఉండే ట్యాబ్ అయితే లాకే లేకుండా వదిలేయండి, అందులో బ్యాంకు యాప్ లేకపోతే చాలు.

మేడమీద_గది:
మేడమ్ చాలా థ్యాంక్స్!! గట్టిగా నొక్కడం నిజమే, బటన్ ఫోన్ అలవాటు కదా, మా ఫోన్ ఇచ్చి ఫొటో చూపిస్తే స్క్రీన్‌ని పొడిచేస్తుంది.

నాన్నకూచి:
మా నాన్నకి పార్కిన్సన్స్, ఆయనకి కొన్నప్పుడు తెలిసిందేంటంటే అందరూ స్క్రీన్ సైజు, ర్యామ్ చూస్తారు గానీ బరువు చూడరు. వణికే చేతుల్లో ప్రతి 100 గ్రాములూ తెలుస్తాయి. ఐప్యాడ్ మినీ 300 గ్రాముల లోపే, మామూలు 10.9 అంగుళాల ఐప్యాడ్ 480 దగ్గర. శాంసంగ్‌లో ట్యాబ్ ఎ9 8.7 అంగుళాలది 332 గ్రాములు, ఎ9 ప్లస్ 11 అంగుళాలది 480. దానికి కేస్ వేస్తే ఇంకా పెరుగుతుంది. చేత్తో పట్టుకుని చదువుతారా, బల్ల మీద పెట్టి చూస్తారా అన్నది తేలితే సైజు దానంతటదే తేలిపోతుంది. మేమైతే పెద్దది తీసుకుని బరువైన స్టాండ్ మీద పెట్టేశాం, ఆయన దాన్ని ఎత్తేదే లేదు.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు, స్క్రీన్ చుట్టూ ఉండే నల్ల అంచు సన్నగా ఉంటే చూడ్డానికి షోగ్గా ఉంటుంది కానీ పెద్దవాళ్ళు పట్టుకుంటే బొటనవేలు అంచు దాటి స్క్రీన్ మీద పడుతుంది, ఆ వేలు ఒక టచ్, రెండో చేత్తో నొక్కేది ఇంకో టచ్, అదేమో జూమ్ అనుకుని పేజీ మొత్తం ఉబ్బుతుంది. అంచు వెడల్పుగా ఉన్న ట్యాబ్ గానీ, వెనక పిడి ఉన్న కేస్ గానీ తీసుకుంటే ఈ గొడవ ఉండదు. పిల్లల కోసం అమ్మే స్పాంజి కేసులు ఉంటాయి చూడండి పైన హ్యాండిల్‌తో, ముదురు రంగుది తీసుకుంటే పెద్దవాళ్ళకీ అదే బెస్టు.

లెక్కల_మాస్టారు:
నాకు 76. ఇందాకటి నుంచి చదువుతున్నాను, నా గురించే మాట్లాడుకుంటున్నట్టుంది గనక రాస్తున్నాను. స్పాంజి హ్యాండిలూ వద్దు, బొమ్మల ఐకాన్లూ వద్దు. నాకు మా అబ్బాయి మొదట తెచ్చిచ్చినదాంట్లో ఏదో సీనియర్ల లాంచర్ అని, హోమ్ స్క్రీన్‌నే మార్చేసే యాప్, వేసి ఇచ్చాడు, స్క్రీన్ అంతా కలిపి ఆరు గళ్ళు, ఒక్కోటి అరచెయ్యంత. నాకు కావలసింది అక్షరం పెద్దది, ప్రపంచం చిన్నది కాదు. అది తీయించేసి మామూలుగానే వాడుతున్నాను, ఇక్కడికి వచ్చి పోస్టు రాసేంత వరకు వచ్చింది చూస్తున్నారుగా. మేడమీద గది గారూ, మీ పెద్దమ్మని ఎవరైనా అడిగారా అసలు, ఆవిడకి ట్యాబ్ కావాలా అని?

మేడమీద_గది:
నమస్తే మాస్టారూ 🙏 అడిగామండి, "నాకెందుకే ఇవన్నీ" అంది, కానీ మా అక్క ట్యాబ్‌లో మనవరాలి డాన్స్ వీడియో చూపిస్తే గంటసేపు వదల్లేదు. అందుకే అనుకున్నాం.

లెక్కల_మాస్టారు:
అలా అయితే కొనండి. కానీ ఒక మాట. మీరంతా వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరు ఒక్కో రకంగా "సర్ది పెడతారు" చూశారా, దానంత హింస ఇంకోటి లేదు. ఫొటోల గుర్తు కింద వరసలో ఎడమ నుంచి రెండోది అని నేను గుర్తు పెట్టుకుంటాను, పేరు చదవను. మా కోడలు వచ్చి అప్‌డేట్ చేసి నీట్‌గా ఫోల్డర్లో పెట్టి వెళ్ళింది, ఆ రోజంతా వెతికాను. ఒకసారి పెట్టిన చోటు మార్చకండి.

వైఫై_వెంకన్న:
మాస్టారు గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. శాంసంగ్‌లో హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో లేఔట్ లాక్ చేసే ఆప్షన్ ఉంది, ఆన్ చేస్తే ఐకాన్లు కదలవు, నర్సు గారు చెప్పిన లాంగ్ ప్రెస్ సమస్య కూడా సగం పోతుంది. అలాగే ఆండ్రాయిడ్ 10 నుంచి కింద బటన్లు తీసేసి స్వైప్ చేసే పద్ధతి వచ్చింది, చాలా ట్యాబ్‌లు దాంతోనే వస్తాయి, పెద్దవాళ్ళకి అది నరకం. సెట్టింగ్స్‌లో నావిగేషన్‌లోకి వెళ్ళి పాత మూడు బటన్లు తెప్పించండి. ఎక్కడ తప్పిపోయినా మధ్య బటన్ నొక్కితే ఇంటికొచ్చేస్తావ్ అని ఒక్క రూలు నేర్పితే చాలు, సగం భయం పోతుంది.

రొటేషన్ లాక్ చేసేయండి. స్క్రీన్ ఆరిపోయే టైమ్ 10 నిమిషాలకి పెంచండి, పేపర్ చదువుతుంటే ఆరిపోతే పాడైందనుకుంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలు 200 శాతం దాకా పెంచుకోవచ్చు, అప్పటికే పెద్దగా ఉన్న హెడ్డింగులు మరీ ఉబ్బకుండా సన్నవాటినే ఎక్కువ పెంచుతుంది కాబట్టి పేజీ చెదరదు. మొత్తం మెనూలన్నీ తెలుగులో పెట్టుకునే వీలు ఆండ్రాయిడ్‌లో ఎప్పటి నుంచో ఉంది. టైపింగ్ అక్కర్లేదు, గూగుల్ కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు వేసి మైక్ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది, లేదంటే చేత్తో గీసి రాసే ఆప్షన్ కూడా ఉంది.

కీబోర్డ్_కిట్టు:
ఐప్యాడ్ వైపు కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా 😅 2023లో ఐప్యాడ్‌ఓఎస్ 17తో అసిస్టివ్ యాక్సెస్ అని వచ్చింది, ఆన్ చేస్తే మొత్తం ట్యాబే మారిపోతుంది, మనం ఎంచుకున్న యాప్‌లే పెద్ద పెద్ద గళ్ళుగా కనబడతాయి, ప్రతి స్క్రీన్‌లో కింద పెద్ద బ్యాక్ బటన్ ఉంటుంది, బయటికి రావాలంటే బటన్ మూడుసార్లు నొక్కి కోడ్ కొట్టాలి. మాస్టారు గారికి నచ్చదు గానీ మతిమరుపు మొదలైనవాళ్ళకి ఇది వరం. ఒకే యాప్‌లో ఉంచేయాలంటే గైడెడ్ యాక్సెస్ ఉంది. ఇంకోటి, ఐప్యాడ్ కొంటే అప్‌డేట్లు చాలా ఏళ్ళు వస్తాయి, చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకి అంత నమ్మకం లేదు. ఐప్యాడ్‌ఓఎస్ 18 నుంచి ఫేస్‌టైమ్‌లో వాళ్ళ స్క్రీన్ షేర్ చేయించుకుని మనమే ఇక్కడి నుంచి నొక్కి సరిచేయొచ్చు, అటూ ఇటూ రెండూ యాపిల్‌వే అయి ఉండాలి మరి.

నాన్నకూచి:
కెమెరా ఎక్కడుందో కూడా చూడండి. స్టాండ్ మీద అడ్డంగా పెడితే కెమెరా పొడుగు అంచు మధ్యలో ఉండాలి, అప్పుడే కళ్ళలోకి చూసి మాట్లాడినట్టుంటుంది. పాత ఐప్యాడ్‌లలో పొట్టి అంచు మీద ఉండేది, పెద్దాయన ఎటో పక్కకి చూస్తూ మాట్లాడుతున్నట్టు కనబడేది. మామూలు ఐప్యాడ్‌లో 2022 మోడల్ నుంచి మార్చారు.

తలుపుగడియ:
అసలు ట్యాబే ఎందుకు అంటాను నేను. కెమెరా ఉన్న స్మార్ట్ డిస్‌ప్లే పెట్టండి బల్ల మీద. అమెజాన్ ఎకో షో లాంటి వాటిల్లో డ్రాప్ ఇన్ అని ఉంది, మనం కాల్ చేస్తే అటు వైపు ఎత్తక్కర్లేదు, దానంతటదే కలుస్తుంది. చార్జింగ్ గోల లేదు, నోటితో పాట అడిగితే పాడుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఫొటో ఫ్రేములా ఉంటుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు పలకకపోతే మనమే కలిసి చూసుకోవచ్చు కూడా.

లెక్కల_మాస్టారు:
ఎత్తకుండానే కలుస్తుందా? నేను లుంగీ కట్టుకుంటుంటే మా వియ్యంకుడు తెర మీద ప్రత్యక్షమవుతాడన్నమాట.

తలుపుగడియ:
హహహ లేదు మాస్టారూ, ఎవరికి అనుమతి ఇచ్చామో వాళ్ళకే, పైగా ముందు గంట మోగుతుంది, మొదటి కొన్ని సెకన్లు మసకగా ఉంటుంది, కెమెరాకి అడ్డంగా జరిపే మూత కూడా ఉంటుంది

నైట్‌డ్యూటీ_నర్సు:
నేను మాస్టారు గారి పక్షమే. మంచం దిగలేనివాళ్ళకి, మరీ అవసరమైనవాళ్ళకి సరే. నడుస్తూ తిరుగుతూ ఉన్న మనిషి గదిలోకి ఎప్పుడైనా తొంగి చూడొచ్చు అంటే అది సౌకర్యం ఎవరికో ఆలోచించండి. ఆవిడ ఒప్పుకుంటే వేరే సంగతి, అడగకుండా మాత్రం పెట్టకండి. పైగా తెలుగులో నోటితో అడిగితే అర్థం చేసుకోవడం అన్నిట్లో ఒకేలా ఉండదు, కొనే ముందు ఆవిడ చేతే మాట్లాడించి చూడండి.

మేడమీద_గది:
డ్రాప్ ఇన్ మా పెద్దమ్మకి చస్తే నచ్చదు, కిటికీ తెర కొంచెం జరిగి ఉన్నా ఊరుకోదు. ఇంతకీ ఆ స్పెషల్ సీనియర్ ట్యాబ్‌ల సంగతి ఎవరూ చెప్పలేదు, మా చెల్లి అదే పట్టుకుని కూర్చుంది.

వైఫై_వెంకన్న:
గ్రాండ్‌ప్యాడ్ లాంటివి ఉన్నాయి, అమెరికాలో నెలనెలా చందా కడితే నడుస్తుంది, కుటుంబ సభ్యులు మాత్రమే కాల్ చేయగలిగేలా మూసేసిన వ్యవస్థ, సహాయానికి మనుషులు ఉంటారు. ఆలోచన మంచిదే. నాకున్న అభ్యంతరం ఒక్కటే, చందా మీద నడిచేది కంపెనీ ఉన్నంతకాలమే. అంతెందుకు, ఫేస్‌బుక్ వాళ్ళ పోర్టల్ వీడియో కాల్ డివైజ్ పెద్దవాళ్ళకి చాలామంది కొనిచ్చారు, 2022లో మెటా మామూలు జనానికి దాన్ని ఆపేస్తున్నట్టు చెప్పేసింది. అంత పెద్ద కంపెనీకే దిక్కు లేదు. మామూలు ట్యాబ్‌నే సెట్ చేసుకుంటే రేపు ఒక యాప్ పోయినా ఇంకోటి వేసుకోవచ్చు.

అమెజాన్ ఫైర్ ట్యాబ్ చవగ్గా కనబడుతుంది, కానీ అందులో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు, మీకు కావాల్సిన యాప్‌లు వాళ్ళ స్టోర్‌లో ఉన్నాయో లేదో చూసుకోకుండా తీసుకోవద్దు.

కీబోర్డ్_కిట్టు:
ఇంట్లో పడున్న పాత ట్యాబ్ ఇచ్చేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, 2 జీబీ ర్యామ్ డబ్బాలు నొక్కిన మూడు సెకన్లకి తెరుచుకుంటాయి, ఈలోపు వాళ్ళు ఇంకో మూడుసార్లు నొక్కేస్తారు. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, మెమరీ కార్డు వేసే చోటు ఉంటే ఇంకా మంచిది. వాట్సాప్ కూడా పాత వెర్షన్లకి సపోర్ట్ తీసేస్తూ ఉంటుంది.

సాయంత్రం_చినుకు:
ఇన్నాళ్ళూ చదవడమే కానీ రాయలేదు, ఇది చూసి రాయాలనిపించింది. మా మావయ్యగారికి ట్యాబ్ ఇచ్చాక అసలు తలనొప్పి యాడ్స్‌తో వచ్చింది. ఏదో ఉచిత పేకాట గేమ్ వేసుకున్నారు, ప్రతి ఆటకీ స్క్రీన్ నిండా యాడ్, మూసే గుర్తు ఎక్కడో మూల ఆవగింజంత, ఆయన దాన్ని నొక్కబోయి యాడ్‌నే నొక్కేవారు, అక్కడి నుంచి ఏదో వెబ్‌సైట్, అక్కడ అలౌ అని ఒక పెట్టె వస్తే మర్యాదగా అలౌ నొక్కారు. ఆ తర్వాత రోజంతా టింగు టింగుమని "మీ ట్యాబ్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి" అని నోటిఫికేషన్లు. పాపం భయపడిపోయి ట్యాబ్ ఆపేసి బీరువాలో పెట్టేశారు. వైరస్ ఏమీ లేదు, అది క్రోమ్‌లో ఆ సైట్‌కి ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ మొత్తానికి ఆఫ్ చేసేయండి, ఏ సైటూ అడగనే అడగదు. ఇచ్చే ముందే చేయాల్సిన పని ఇది.

వైఫై_వెంకన్న:
సూపర్ పాయింట్. దీనికి తోడు ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అక్కడ యాడ్‌గార్డ్ అనే యాడ్స్ ఆపే సర్వీస్ వాళ్ళ డీఎన్ఎస్ (సైట్ల అడ్రస్‌లు వెతికిపెట్టే సర్వర్) అడ్రస్ ఇస్తే గేమ్స్‌లో, పేపర్ సైట్లలో యాడ్స్ చాలావరకు రావు. యూట్యూబ్ యాడ్స్ పోవు దాంతో. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, కార్డు మాత్రం అసలు జత చేయొద్దు.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి దూరం నుంచి సాయం చేయడానికి బాగుంటాయి కానీ మోసగాళ్ళు ఫోన్ చేసి వేయించేవి కూడా అవే. నేనైతే వేసి వదిలేయను. వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేర్ ఉంది, వాళ్ళు చూపిస్తారు, మనం ఇక్కడ నొక్కు అక్కడ నొక్కు అని చెప్తాం. పేరు తెలిసిన మనవాళ్ళు కాల్ చేసినప్పుడు తప్ప ఎవరికీ స్క్రీన్ చూపించకూడదు అని గట్టిగా చెప్పండి.

లెక్కల_మాస్టారు:
ట్యాబ్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. వీడియో కాల్ ఎత్తడం ఒక పేజీ, ఫొటోలు చూడడం ఒక పేజీ, పెద్ద అక్షరాలతో మీ పెద్దమ్మగారి చేతే రాయించండి, మీరు రాయకండి. మనం రాసుకున్నదైతేనే మనకి అర్థమవుతుంది. ఒక రోజు ఒకటే నేర్పండి, రెండోది అడిగితేనే చెప్పండి.

మేడమీద_గది:
అప్‌డేట్: అందరం కలిసి 11 అంగుళాల ఆండ్రాయిడే తీసుకున్నాం, షాపుకి పెద్దమ్మనే తీసుకెళ్ళాం, రెండు సైజులూ చేతికిచ్చి చూపిస్తే చిన్నది వద్దంది, ఐదు నిమిషాలు పట్టుకునేసరికి పెద్దది బరువుగా ఉందని కింద పెట్టేసింది, ఇంక అప్పుడే స్టాండ్ కూడా తీసుకున్నాం. మూడు బటన్లు, లేఔట్ లాక్, టచ్ డిలే, క్రోమ్ నోటిఫికేషన్లు, డీఎన్ఎస్ అన్నీ ఇచ్చే ముందే చేసేశా. హోమ్ స్క్రీన్‌లో ఐదే ఐకాన్లు. బటన్ ఫోన్ నంబర్‌తో వాట్సాప్ వెంకన్న గారు చెప్పినట్టే వచ్చింది. కాంటాక్టుల్లో పేర్లు కాదు, మా ఫొటోలే పెట్టాం. ఇప్పుడు సమస్య ఏంటంటే చార్జర్. పిన్ను పెట్టడానికి చెయ్యి వణికి రంధ్రం దొరకట్లేదు, రోజంతా పెట్టే ఉంచేద్దామా అనుకుంటున్నాం.

నాన్నకూచి:
రోజంతా నూటికి నూరు చార్జ్‌లో వదిలేస్తే బ్యాటరీ మెల్లగా ఉబ్బుతుంది, స్క్రీన్ పైకి లేచిన ట్యాబ్‌లు నేను చూశా. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ప్రొటెక్షన్ అని 80 లేదా 85 దగ్గర ఆపేసే ఆప్షన్ ఉందేమో చూడండి, ఉంటే ఆన్ చేసి వైరు పెట్టి వదిలేయొచ్చు. లేకపోతే ప్లగ్‌కి టైమర్ పెట్టి రోజుకి రెండు గంటలే కరెంటు వచ్చేలా చేయండి. వైరుని స్టాండ్‌కి క్లిప్పుతో బిగించేయండి, ట్యాబ్ కదలదు కాబట్టి పోర్ట్ విరిగే భయం ఉండదు. ఇంకా కొననివాళ్ళకి, పిక్సెల్ ట్యాబ్లెట్ 2023లో వచ్చినప్పుడు స్పీకర్ డాక్‌తో కలిపి ఇచ్చేవారు, దాని మీద ఆనిస్తే చాలు అయస్కాంతంతో అతుక్కుని చార్జ్ అవుతుంది.

చెవిలో_జోరీగ:
థ్రెడ్ మధ్యలో దూరుతున్నా క్షమించండి. మా అత్తయ్యకి కూడా ఇలాగే ఇవ్వాలని, కానీ ఆవిడకి వినికిడి మెషీన్లు ఉన్నాయి, ట్యాబ్ స్పీకర్ దగ్గర పెడితే కీచుమంటుంది, వీడియో కాల్‌లో సగం మాటలు అందట్లేదు. దీనికి ట్యాబ్‌లో ఏమైనా చూసి కొనాలా?

నైట్‌డ్యూటీ_నర్సు:
ముందు మెషీన్ మోడల్ ఏంటో చూడండి, ట్యాబ్ తర్వాత. బ్లూటూత్ ఉన్న మెషీన్ అయితే కాల్ గొంతు నేరుగా చెవిలోకే వస్తుంది, కానీ యాపిల్‌కి పని చేసేవి కొన్ని, ఆండ్రాయిడ్‌కి ఆషా అనే పద్ధతిలో పని చేసేవి కొన్ని, కొత్తవి కొన్నిటిలో ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి. మెషీన్ ఇచ్చిన ఆడియాలజిస్ట్‌ని అడిగితే ఏ ట్యాబ్‌తో జత కుదురుతుందో చెప్తారు, దాన్ని బట్టి కొనండి. బ్లూటూత్ లేకపోయినా మెషీన్‌లో టెలికాయిల్ (అయస్కాంత సిగ్నల్‌ని పట్టుకునే చిన్న తీగ చుట్ట) ఉంటే మెడలో వేసుకునే లూప్ ఒకటి దొరుకుతుంది, దాన్ని ట్యాబ్‌కి కలపొచ్చు. అదీ లేకపోతే ట్యాబ్‌కి ఒక చిన్న బయటి స్పీకర్ పెట్టి చెవికి కాకుండా ఎదురుగా కాస్త దూరంలో ఉంచండి, కీచు తగ్గుతుంది. ఒక చెవే బాగా వినపడితే యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేయండి.

వైఫై_వెంకన్న:
ఇంట్లో ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ తెరిచి బల్ల మీద పెట్టండి, తెలుగు కూడా తీసుకుంటుంది, మనం మాట్లాడింది పెద్ద అక్షరాల్లో తెర మీద పడుతుంది. నెట్ ఉండాలి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కలగాపులగం చేస్తుంది.

చెవిలో_జోరీగ:
మా ఇంట్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడకుండా ఉండటమే కష్టం 😂 ఆడియాలజిస్ట్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టా, మోడల్ నంబర్ మెషీన్ మీద కనబడట్లేదు, పెట్టె మీద ఉంటుందంటారా?

నైట్‌డ్యూటీ_నర్సు:
పెట్టె మీద ఉంటుంది, వారంటీ కార్డు మీద కూడా. దొరక్కపోతే బ్యాటరీ మూత తెరిచి చూడండి, లోపల వైపు సన్నగా రాసి ఉంటుంది చాలావాటికి, ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేసుకోండి.